మూడు పెడళ్ల కంప్యూటరు

వైండింగ్ షాపు,
సోమవారం, షట్టర్ ఎత్తిన వెంటనే

అక్కా,

సమస్త లోకానికీ, ముఖ్యంగా మా వీధిలో టీ గ్లాసులు తిరిగివ్వని పెద్దమనుషులకీ చాటి చెప్పేదేమంటే: నేటి ఉదయం ఎనిమిది గంటల నుంచి ఈ షాపులో ఉన్న ఏకైక స్టూలు మీద కూర్చునే హక్కు దాని సొంతదారుకే చెందుతుంది. మోటారు ఎప్పటికవుతుందని అడగడానికొచ్చేవాళ్లు నిలబడే అడగాలి. రెండోసారి అడిగేవాళ్లు ఒంటికాలి మీద నిలబడాలి. మాట మీరినవాళ్ల టేబుల్ ఫ్యానుకి వైండింగ్ తిరగేసి చుట్టబడును, గాలి గోడకి కొట్టును. ఇట్లు, ఏడో తరగతి రెండేళ్లు చదివిన ఘనుడు, నీ తమ్ముడు.

ప్రకటన అయింది. ఇక సంగతి.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి "నువ్వు పెట్టేయ్", "నువ్వే పెట్టేయ్" అనుకుంటాం కాబట్టి ఇకమీదట ఉత్తరాలు రాసుకుందామన్నావు. నలభై ఎనిమిదేళ్లలో నీ నోట విన్న మొదటి మంచిమాట ఇది. కాగితం మీదైతే నా మాటకి నువ్వు అడ్డం రాలేవు.

కంటి పరీక్షలో తప్పించి, నిన్ను బస్సు దింపి, డిపో స్టోర్సు గదిలో కూర్చోబెట్టి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో నువ్వు నన్ను ఏమీ అడగలేదు. అడక్క అడక్క అడిగింది, గేములాడే కంప్యూటరు. అదీ తయారుగా ఉన్నది కాదు, సామాన్లు ఒక్కొక్కటీ ఏరి ఇంట్లో బిగించుకునేది. అదీ బుడ్డిదాని కోసం. నీ కూతురికి ఇరవై రెండేళ్లొచ్చాయి, అకౌంట్ల పరీక్షకి చదువుతోంది, ఇప్పుడు దానికి గేములెందుకు తల్లీ? అడిగితే "మామయ్యా, నాకేం తెలీదు, అమ్మనే అడుగు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నా నవ్వులా ఉంది.

సరే, కొనిపెడతాను. తీగ చుట్టేవాడికి కంప్యూటరు ఒక లెక్కా? కరెంటు తాగేదేదైనా నా చుట్టమే. అది ఏ గేములాడుతుందో రాయి. ఎంత పెట్టగలవో కూడా రాయి. లోపల రంగురంగుల లైట్లు తిరిగే గాజు పెట్టె ఒకటి చూశాను. చూస్తే కళ్లు చెదిరాయి.

నీ తమ్ముడు

~

డిపో స్టోర్సు గది,
గురువారం, భోజనాల వేళ

కోతీ,

నీ ప్రకటన ఇక్కడున్న టైర్లకి చదివి వినిపించాను. ఒక్కటీ నవ్వలేదు.

నా దగ్గరున్నది రెండున్నర నెలల జీతం. ఆ అర కూడా కష్టం మీద. అందులోనే అన్నీ రావాలి. నువ్వు పైన ఒక్క నాణెం వేసినా పార్సిల్ వెనక్కి కొడతాను, నా సంగతి నీకు తెలుసు.

లైట్లు తిరిగే పెట్టె వద్దు. చీకట్లో లోపల లైటు వేసుకుని బండి నడిపేవాడంత తెలివితక్కువవాడు లేడు. ముందద్దంలో రోడ్డు కనబడదు, వాడి మొహమే వాడికి కనబడుతుంది.

బుడ్డిది చెప్పినవన్నీ నాకర్థమయ్యేలా రాసుకున్నాను. ప్రాసెసరంటే డ్రైవరు. గ్రాఫిక్స్ కార్డంటే ఇంజను, బొమ్మల్ని లాగేది అదే. ర్యామ్ అంటే సీట్లు. వాటన్నిటికీ కరెంటు పంచే డబ్బా ఒకటుందట, అది డీజిలు పంపు. పెట్టె కేవలం బాడీ. బాడీకి వేసిన రంగు చూసి బండి కొనేవాళ్లని చాలామందిని చూశాను, నువ్వు వాళ్లలో కలవకు. డబ్బంతా ఇంజను మీద పెట్టు. డ్రైవరు మరీ మొద్దు కాకుండా ఉంటే చాలు.

ఇంకో మాట. ఆ కంప్యూటరుకి స్టీరింగ్ తగిలించుకోవచ్చటగా? దానికి కింద పెడళ్లు రెండుంటాయా, మూడుంటాయా? గేరు రాడ్డు విడిగా వస్తుందా? రెండే ఉంటే మాత్రం వద్దు. మూడుండాలి. బుడ్డిదానికి మూడైతేనే ఇష్టం.

అక్క

~

వైండింగ్ షాపు,
ఆదివారం, షాపు మూసి లోపల కూర్చుని

అక్కా,

శుభవార్త. డీజిలు పంపు కొనేశాను.

ఎలా కొన్నానో విను. పాత బజారులో నాలుగు కంపెనీల డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నిటి మీదా గొప్పలే. స్టిక్కరు మీద రాసేది ఎవడైనా రాస్తాడు, నా షాపు బోర్డు మీద నేను "ఇంజనీరు" అని రాసుకోలేదూ? అందుకని మన పద్ధతిలో పోయాను. మోటారులో రాగి ఎంతుందో తెలియాలంటే విప్పక్కర్లేదు, ఎత్తి చూస్తే చాలు. బరువున్న మోటారు నమ్మకమైంది, తేలికైంది దొంగది. సంచిలో రాగి తూచే కాటా పట్టుకెళ్లి ఆ నాలుగు డబ్బాలనీ తూచాను. షాపువాడు నన్ను కూరగాయల బేరానికొచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. అన్నిట్లోకీ బరువైంది, అన్నిట్లోకీ చవకైంది, ఒకటే డబ్బా. ఇలాంటి సంబంధం ఎవడొదులుకుంటాడు? పట్టుకొచ్చాను.

ఇక మిగతా సామాన్ల సంగతి. మా వెనక వీధిలో ఆటల పార్లరుంది, గంటకింతని కట్టి కంప్యూటర్ల మీద ఆడుకునే చోటు. దాని గాలి తోడే ఫ్యాను నేనే చుట్టాను. ఆ పార్లరు నడిపే ఆవిడ మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి, నేను "హెడ్‌ఫోన్ల వదినా" అంటాను, ఆవిడ నన్ను "బాకీ మరిదీ" అంటుంది. సామాన్ల లిస్టు ఆవిణ్ణడిగి పంపుతాను.

ఇప్పుడు అసలు సంగతి. మూడు పెడళ్లు.

బుడ్డిదానికి సైకిలు నేర్పడానికి నేను ఒక వేసవంతా పరిగెత్తాను. బ్రేకు ఎటుందో దానికి ఈనాటికీ తెలీదు. అలాంటిది క్లచ్చు లేకపోతే ఒప్పుకోదా? చీకట్లో లోపలి లైటు సంగతి కూడా అదే చెప్పిందా? గుమ్మడికాయల దొంగెవరంటే నువ్వు భుజాలు తడుముకోవడం ఇక్కడికి కనబడుతోంది.

ఎవరికి కొంటున్నాం అక్కా?

నీ తమ్ముడు

~

డిపో స్టోర్సు గది,
బుధవారం

తమ్ముడూ,

నాకే.

ఇరవై ఆరేళ్లు నడిపిన మనిషి యాభై రెండేళ్లప్పుడు గేములాడుతుందంటే నవ్వుతావని బుడ్డిదాని పేరు పెట్టాను. నవ్వుకో. నవ్వుకుని, ఆ తర్వాత చదువు.

బస్సులు నడిపే గేమొకటుంది. బుడ్డిది ఫోన్లో చూపించింది. మలుపులున్నాయి, వానుంది, స్టాపులో ఆపితే జనం ఎక్కుతారు, గట్టిగా బ్రేకేస్తే తిడతారు కూడా. అది చూశాక ఆ వారమంతా వేరే ఆలోచన లేదు.

ఎడమ కన్ను పోయినప్పుడు అందరూ ఒకటే అన్నారు, రెండోది బాగుంది కదా అని. రెండోది బాగానే ఉంది. చదువుతుంది, సూదిలో దారం తప్ప అన్నీ చేస్తుంది. కానీ దూరం చెప్పదు. గ్లాసులో నీళ్లు పోస్తే పక్కన పడుతున్నాయి. మెట్టు ఉన్నదనుకున్న చోట ఉండదు. అందుకే పరీక్ష చేసిన డాక్టర్లు నా కాగితం మీద సంతకం పెట్టలేదు, వాళ్లు చేసింది తప్పని నేననను. నా బస్సులో నేనే ప్రయాణికురాలినైతే నేనూ దిగిపోదును.

కానీ ఇక్కడ కూర్చుని రబ్బరు వాసన పీలుస్తూ ఆలోచిస్తుంటాను. నడపడం నా కంట్లో ఉండేదా, చేతుల్లో ఉండేదా? చేతుల్లోనే ఉంటే ఎన్నాళ్లయినా ఈ టైర్లు లెక్కపెడతాను, బాధ లేదు. కంట్లోనే ఉండి కంటితోపాటే పోయుంటే అదీ తెలియాలి. తెలుసుకోవడానికి నాకు ఇంతకంటే దారి లేదు. రోడ్డు మీద జనంతో పరీక్ష పెట్టుకోలేను కదా.

ఇప్పుడు నీ బరువు సంగతి. ఉత్తరం బుడ్డిదానికి చదివి వినిపిస్తే నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారింది. మామయ్యని ఒకసారి ఆ డబ్బా మూత తీసి చూడమను అంది.

అక్క

~

వైండింగ్ షాపు,
శనివారం

అక్కా,

నవ్వలేదు. ఒట్టు. నవ్వడానికి నాకు తీరిక లేదు, నన్ను చూసి వీధి వీధంతా నవ్వుతోంది.

డబ్బా విప్పాను. ప్లగ్గు పీకి, లోపలున్న కెపాసిటర్లలో కరెంటు దిగేదాకా ఆగి, పద్ధతిగానే విప్పాను. లోపల అగ్గిపెట్టెంత ట్రాన్స్‌ఫార్మరు, వెంట్రుకంత తీగ, ఒక మూలన పావు ఇటుకంత సిమెంటు ముద్ద. బరువు కోసం. నాలాంటివాడొకడు కాటా పట్టుకుని వస్తాడని వాడికి ముందే తెలుసన్నమాట. ఊళ్లో సగంమందిని ఏడిపించిన నన్ను ఎవడో మొహం కూడా చూపించకుండా సిమెంటుతో కొట్టాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు, అతనెవరో కనబడితే గురుదక్షిణ ఇచ్చుకుంటాను. ఆ డబ్బా ఇప్పుడు షట్టరు పడకుండా అడ్డం పెట్టుకుంటున్నాను. ఆ పనికి మాత్రం మహా నమ్మకమైంది. నా తెలివికి కట్టిన జరిమానా కాబట్టి దాని డబ్బు నాదే, నీ లెక్కలోకి రాదు, పార్సిల్ వెనక్కి కొట్టకు.

హెడ్‌ఫోన్ల వదిన దగ్గరికెళ్లి తలొంచుకుని నిలబడ్డాను. "ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడావా మరిదీ" అంది. కాగితం తీసుకుని సామాన్లన్నీ ఎంతెంత కరెంటు తాగుతాయో కూడింది, దాని మీద ఇంకో మూడో వంతు కలిపింది, అంత శక్తి ఉన్నది, ఐదేళ్ల గ్యారంటీ ఇచ్చేది, అదే కొనాలంది. కొన్నాను. ఎత్తి చూశాను, అలవాటు పోలేదు.

డ్రైవరు పోయినేటి మోడలు. కొత్త మోడలుకీ దీనికీ తేడా పెట్టె మీది అంకెలోనే ఉందట. సీట్లు ఒకే పెద్ద ముక్క కొనబోతుంటే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. రెండు చిన్న ముక్కలు వేస్తే రెండు తలుపులున్న బస్సులా జనం త్వరగా ఎక్కి దిగుతారట. ఈ మాట నీకు చెబితే ఇష్టపడతావనిపించింది.

ఇక ఇంజను. ఇక్కడ మాత్రం నీ తమ్ముడు గెలిచాడు. మంచి కార్డులన్నీ నీ రెండున్నర నెలల జీతాన్ని ఒక్క గుటకలో మింగేవే. కానీ పార్లరులో మూల పడేసిన కార్డొకటి చూశాను. ఐదు నిమిషాలు ఆడితే కాలిపోతోందని పక్కన పెట్టారు. తీసి వేలితో తిప్పితే తెలిసిపోయింది, కార్డుకి ఏ రోగమూ లేదు, దాని మీదుండే బుల్లి ఫ్యాను బేరింగు పట్టేసింది. ఫ్యాను చచ్చింది కాబట్టి కార్డు చచ్చిందనుకున్నారు. అక్కా, ఇరవై తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న పనే అది. చచ్చిందనుకున్నదాన్ని వేలితో తిప్పి చూడటం. బేరింగు మార్చాను, ఎండిపోయిన పాత గ్రీజు గీకాను, మూడు గంటలు తిప్పాను, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉందంతే. వదిన పావు ధరకిచ్చింది.

స్టీరింగు, మూడు పెడళ్లు, గేరు రాడ్డు కూడా చూసి పెట్టాను. వాడినవే, క్లచ్చు కాస్త గట్టిగా ఉంది. నీ పాత బస్సుకన్నా మెత్తనే.

నీ తమ్ముడు

~

ఇల్లు,
మంగళవారం

తమ్ముడూ,

సామాన్లేవీ పంపకు. కొన్నవాటిని అమ్మగలిగితే అమ్మెయ్యి.

నిన్న యార్డులో కడిగిన బస్సొకటి వరసకి అడ్డంగా ఉంది. దాని డ్రైవరు టీకెళ్లాడు. తాళాలు స్టోర్సులోనే ఉంటాయి కదా. ఎవరూ చూడటంలేదు. పాతిక అడుగులు ముందుకి తీసి పక్కన పెట్టడం, అంతే పని. ఎక్కాను.

సీట్లో కూర్చోగానే వీపుకి తెలిసిపోయింది. క్లచ్చు, గేరు, అన్నీ వాటంతటవే జరిగాయి. పక్కనున్న స్తంభం నా లెక్కలో మూరెడు అవతలుంది. నిజానికి అది నా అద్దం మీదే ఉంది. చప్పుడయ్యాకే తెలిసింది.

ఫోర్‌మన్ వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. వంగి ఆ గాజుపెంకులు తనే ఏరాడు, "మీరు లోపలికెళ్లండి మేడమ్" అన్నాడు. ఇరవై ఏళ్లుగా నన్ను "డ్రైవరమ్మా" అని పిలిచేవాడు.

ఇక గేమెందుకు? అందులోనూ స్తంభాలుంటాయి. అక్కడా కొడితే నాకింక మిగిలేదేంటి? ఇప్పటిదాకా కనీసం తెలియదనే ధైర్యమన్నా ఉంది.

కోపం తెచ్చుకోకు. నువ్వు పడ్డ శ్రమంతా గుర్తుంది.

అక్క

~

వైండింగ్ షాపు,
గురువారం

అక్కా,

నువ్వు ఉత్తరం రాసి పదహారు రోజులైంది. జవాబు రాయకపోవడానికి కారణం కుడిచేతి రెండు వేళ్లు. సోల్డరింగ్ ఐరన్ ఉందనుకున్న చోట కాకుండా ఇంకొంచెం ఇవతలుంది, ముట్టుకున్నాను. మోకాలికి కూడా దెబ్బ తగిలింది, ఆ సిమెంటు డబ్బా తన్నుకుని. నవ్వకు. వయసు మీద పడుతోంది.

ఆలస్యమైనా ఒక పని చేశాను. ఇది జోకు కాదు, జాగ్రత్తగా చదువు.

మా దగ్గరికి కంటి డాక్టరమ్మొకావిడ పంపు మోటారు చుట్టించుకోడానికొచ్చారు. పెద్దావిడ, కళ్లజోడు దారానికి కట్టి మెడలో వేలాడేసుకుంటారు. నా స్టూలు ఆవిడకే ఇచ్చాను, ప్రకటన రద్దు చేసి మరీ. నీ సంగతంతా చెప్పాను. స్తంభం సంగతి కూడా. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మనిషికి రెండు కళ్లూ రెండు కొంచెం తేడా బొమ్మలు చూపిస్తాయట. ఆ తేడాని బట్టి బుర్ర దగ్గరి వస్తువుల దూరం కొలుస్తుందట. ఒక కన్ను పోతే ఆ కొలబద్ద పోతుంది, అందుకే గ్లాసు, మెట్టు, స్తంభం. కానీ కంప్యూటరు తెర చదును. అందులో కనబడే స్తంభం దగ్గరా లేదు, దూరమూ లేదు, అంతా ఒకే గాజు మీదుంది. రెండు కళ్లతో చూసినా రెంటికీ అదే చదును బొమ్మ. ఆ కొలబద్ద అక్కడ ఎవరికీ పని చెయ్యదు. తెర ముందు కూర్చున్నాక అందరూ ఒంటికన్నువాళ్లే అన్నారు.

మరి ఎలా ఆడతారని అడిగాను. చిన్నగా ఉన్నది పెద్దదవుతుంటే దగ్గరికొస్తున్నట్టు. ఒకదాని వెనక ఒకటి దాగితే ముందున్నదేదో తెలుస్తుంది. నేల మీది గీతలు ఎక్కడ కలుస్తున్నాయో చూసుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు గుద్దుతారు, నాలుగో రోజు నుంచి చేతులు నేర్చుకుంటాయి, తొమ్మిదో రోజుకి రెండు స్తంభాల మధ్యకి వెనక్కి పెట్టగలుగుతారు అన్నారు. మొదట్లో తలనొప్పొస్తుందట, అరగంటకోసారి కిటికీలోంచి దూరంగా చూడమన్నారు.

కాబట్టి అక్కడ గుద్దితే అది నీ కంటి తప్పు కాదు. అక్కడ నువ్వూ ఇరవై ఏళ్ల కుర్రాళ్లూ సమానం. నీకు కావలసిన పరీక్ష సరిగ్గా అదే కదా, కన్ను తీసేసి చేతుల్ని మాత్రమే చూసేది.

సామాన్లన్నీ ఇవాళే పార్సిల్ చేశాను. వెనక్కి కొడితే మళ్లీ పంపుతాను. పోస్టాఫీసువాళ్లు మనిద్దరి పేరు మీద ఒక వ్యాను పెట్టుకుంటారు.

నీ తమ్ముడు

~

ఇల్లు,
సోమవారం

తమ్ముడూ,

నీ మాటైతే నమ్మేదాన్ని కాదు. నువ్వు చెప్పేవాటిలో సగం అబద్ధం, మిగతా సగం ఎవరో చెప్పింది. కానీ ఆవిడ మాటలు అలా లేవు. గ్లాసు సంగతీ మెట్టు సంగతీ నా ఒంట్లో ఉండి చూసినట్టు చెప్పారు. పేరేమిటో రాయలేదు నువ్వు.

నిన్న నేనూ బుడ్డిదీ బిగించాం. డ్రైవరు మీద రాసే పేస్టుంది కదా, వేడి లాగేది. బేరింగుకి గ్రీజు దట్టించినట్టు దట్టించాను. బుడ్డిది "అమ్మా, కందిగింజంత చాలు" అంటూ గుడ్డ పెట్టి తుడిచింది. స్క్రూలన్నీ నేనే బిగించాను. వేలితో తడిమి బిగిస్తే కంటితో పని లేదు.

స్విచ్చేశాం. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. గంటన్నర వెతికాం, ర్యామ్ పీకి పెట్టాం, బుడ్డిది ఏడుపు మొహం పెట్టింది. చివరికి నేనే పట్టుకున్నాను. తెర వైరు కార్డుకి కాకుండా అన్నిటినీ మోసే పెద్ద బోర్డుకి గుచ్చాం. ఇంజను ఒకచోట ఉంటే చక్రాల్ని ఇంకోచోట తగిలించాం. మార్చగానే వెలిగింది. అద్దం పగిలిన రోజు తర్వాత నాకు నవ్వొచ్చింది అప్పుడే.

స్టీరింగు బల్లకి బిగించి తువ్వాలు కప్పాను. ఇంకా ముట్టుకోలేదు.

అక్క

~

షాపు, శుక్రవారం

అక్కా,
పోస్టుకార్డు ముక్క మీద రాస్తున్నాను, చోటు లేదు. తువ్వాలు తియ్యి.

~

ఇల్లు,
ఆదివారం ఉదయం

తమ్ముడూ,

తీశాను.

మొదటి రోజు మూడు స్టాపులు దాటకుండానే పెట్రోలు బంకులోకి పోయాను. జనమంతా తిట్టారు. తెలిసిన భాష కాదు కానీ తిట్లని అర్థమైంది. రెండో రోజు డివైడరెక్కాను. లేచి వెళ్లిపోదామనుకున్నాను, ఆవిడ మాట గుర్తొచ్చి కూర్చున్నాను. మూడు రోజులు గుద్దుతారన్నారుగా, ఇంకో రోజు హక్కుందనుకున్నాను.

నాలుగో రోజు వానలో కొండ దిగే దారొచ్చింది. రెండో గేరులో వేసి ఇంజను మీదే దింపాను, బ్రేకు ముట్టుకోలేదు. ఎవరూ చెప్పలేదు. చేతులు చేశాయి. బుడ్డిది వెనక నిలబడి చూస్తోంది. "నువ్వొక కన్ను మూసుకుని చూడు, ఏమైనా మారిందా" అన్నాను. మూసింది. కాసేపు చూసి, "ఏం మారలేదమ్మా" అంది. "రెండోది మూసి చూడు." "అప్పుడూ అంతే." ఇంకో రెండుసార్లు మార్చి మార్చి మూయించాను. పాపం, దాని కళ్లే నొప్పెట్టాయి.

నిన్న తొమ్మిదో రోజు. డిపోలోకి వెనక్కి పెట్టాలి, అటో స్తంభం ఇటో స్తంభం. మధ్యలో ఒకసారి ఆపాను. స్తంభాల్ని చూడటం మానేసి నేల మీద గీతల్ని చూశాను. పెట్టాను. ఏదీ తగల్లేదు. ఇంజనాపి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

చేతుల్లోనే ఉంది తమ్ముడూ.

రేపట్నుంచి స్టోర్సుకి వెళ్లడం కష్టమనిపించదు. ఫోర్‌మన్‌కి చెప్పాను. "గేమా" అన్నాడు. తర్వాత "గేరు మారుస్తుంటే చప్పుడొస్తుందా డ్రైవరమ్మా" అని అడిగాడు. ఇవాళ సాయంత్రం వచ్చి చూస్తాడట.

ఇప్పుడొక పని చేసిపెట్టు. ఆ డాక్టరమ్మ దగ్గర నాకు అపాయింటుమెంటు కావాలి. తొమ్మిది రోజులంటే తొమ్మిది రోజులే, అంత సరిగ్గా చెప్పిన మనిషిని కళ్లారా చూడాలి, ఉన్న కంటితోనే. ఇంకొకటి అడగాలి. నిజం రోడ్డు మీద కూడా అలవాటు పడే దారేదైనా ఉందా, బస్సు కాదు, బుడ్డిదాని స్కూటరైనా. ఆవిడ ఊఁ అంటే మొదలుపెడతాను. వచ్చే శనివారం బయల్దేరుతున్నాను. ఆవిడ పేరు, ఆసుపత్రి రాయి.

అక్క

~

వైండింగ్ షాపు,
బుధవారం, షట్టర్ దించుకుని

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. స్తంభాల దగ్గర ఐదుసార్లు. హెడ్‌ఫోన్ల వదినకి కూడా చదివి వినిపిస్తే హెడ్‌ఫోన్లు తీసి మరీ వింది. ఆవిడ అలా తియ్యడం నేనెప్పుడూ చూడలేదు.

స్కూటరు ముట్టుకోకు. శనివారం రా. ఇక్కడి కంటి ఆసుపత్రిలో అపాయింటుమెంటు తీసుకున్నాను, నేనూ వస్తాను, మూల కూర్చుంటాను, నోరెత్తను. స్కూటరు సంగతి అక్కడ అడుగు, వాళ్లేం చెబితే అది చెయ్యి. ఆ అపాయింటుమెంటు మాత్రం నువ్వనుకునే మనిషి దగ్గర తీసుకోలేదు. తీసుకోలేను.

నువ్వు వద్దని రాసిన రోజు కాగితం, పెన్నూ ముందేసుకున్నాను. ధైర్యం చెప్పడం నాకు రాదు, ఏడిపించడమే వచ్చు. నేను చెబితే నువ్వెలాగూ నమ్మవు. అందుకని వేలితో తిప్పి చూద్దామనుకున్నాను. సాయంత్రం షాపు మూసి పార్లరుకెళ్లి, కంటికి గుడ్డ కట్టుకుని, నువ్వు చెప్పిన ఆ బస్సు గేమే పెట్టించుకున్నాను. మొదటి రోజు కుడికంటికి కట్టాను. సగం ఆటలో గుర్తొచ్చింది, నీది ఎడమ. విప్పి మార్చుకున్నాను. బయట నుంచి చూసినవాళ్లు ఓడ దొంగ బస్సు తోలుతున్నాడన్నారు. తొమ్మిది సాయంత్రాలు. మూడు రోజులు గుద్దాను. తలనొప్పొచ్చింది, కిటికీలోంచి చూస్తే తగ్గింది. నేల మీద గీతలు చూడాలని ఆరో రోజుకి తెలిసింది. తొమ్మిదో రోజు రెండు స్తంభాల మధ్య పెట్టాను, ఎడమ వైపుది కొద్దిగా గీసుకుంది, ఆ సంగతి దాచాను.

షాపులో కూడా గుడ్డ విప్పకుండా పని చేశాను, నీకెలా ఉంటుందో చూద్దామని. వేళ్లు కాలింది అందుకే. గ్లాసులో నీళ్లు పక్కన పడ్డాయి. మెట్టు లేదు. ఆ డబ్బా తన్నుకున్నది కూడా అప్పుడే.

కళ్లు రెండు బొమ్మలు తీస్తాయన్న సంగతి వదిన పార్లరులో ఒక వీడియో పెట్టి చూపించింది, అది నిజమే. మూడు రోజులనీ తొమ్మిది రోజులనీ చెప్పింది నా ఒంటి లెక్క. నీకూ సరిగ్గా అంతే పడుతుందని నాకేం తెలుసు? మనిద్దరం ఒకే కడుపున పుట్టామన్న ధైర్యంతో రాసేశాను.

పంపు మోటారు కూడా ఉంది. అది పక్కవీధి లాడ్జివాళ్లది, ఇంకా నా దగ్గరే ఉంది, ఎప్పటికవుతుందని రోజూ అడుగుతున్నారు.

కంటి డాక్టరమ్మ ఒక్కర్తే లేదు. ఎప్పుడూ లేదు. మెడలో ఆ కళ్లజోడు దారంతో సహా ఆవిణ్ణి మొత్తం నేనే చుట్టాను.

నీ తమ్ముడు